ఏమీ మొలవని చేలో కలుపు

ఫోటోలు తీసే దొర బండి దిగుతూనే అడిగిన మొదటి మాట, "మీ పశువుల కొట్టం ఎటు?" అని.

వంటింటి గుమ్మంలో కూర్చుని ఆకుకూర తుంచుతున్న క్వీనీ అత్త ఆ మాట వింది. మధ్యాహ్నం భోజనాల వేళ ఆర్డీలియా కంచంలో మొక్కజొన్న రొట్టె వేస్తూ ఆ సంగతి మెల్లగా ఆమె చెవిన వేసింది.

"బడికొచ్చినోడు బడేదని అడుగుతాడు గానీ కొట్టమేదని అడుగుతాడంటమ్మా? ఆవుల బేరానికొచ్చాడేమో, కాస్త కనుక్కో టీచరమ్మా."

ఆర్డీలియా నవ్వేసింది. నవ్విందే గానీ ఆ మాట మాత్రం కాలిలో విరిగిన ముల్లులా లోపలే ఉండిపోయింది.

కనాను స్ప్రింగ్స్ పారిశ్రామిక విద్యాలయం అంటే అలబామా పత్తి చేల నడుమ ఎర్ర ఇటుక భవనాలు నాలుగు, చెక్క షెడ్లు మరికొన్ని. ఆ ఇటుకలు పిల్లలే కాల్చారు, గోడలు పిల్లలే లేపారు. పొద్దున పూట పని, మధ్యాహ్నం పూట చదువు. బానిసతనం చూసినవాళ్ళ మనవలూ మనవరాళ్ళూ ఆ బడిలో చదువుతున్నారు. కట్టించి నడుపుతున్నది రెవరెండ్ సైలస్ బ్రాడ్‌నాక్స్. ఆయన మాటంటే చుట్టుపక్కల నల్లవాళ్ళకు వేదం. తెల్లవాళ్ళు కూడా ఆయన ఎదురైతే టోపీ తీయకపోయినా, దారి మాత్రం ఇచ్చేవారు.

ఆర్డీలియా ప్రూయిట్ నాష్‌విల్‌లో కాలేజీ చదువు చదివి, పై తరగతికి లెక్కలూ భౌతికశాస్త్రమూ చెప్పడానికి వచ్చింది. ముప్ఫై ఇంకా నిండలేదు. నిలువెత్తు మనిషి, మాట తక్కువ. నమ్మకం అంతకంటే తక్కువ. వాళ్ళ నాన్న చదవడం రాక ఎవరో చూపించిన కాగితం మీద వేలిముద్ర వేసి పొలం పోగొట్టుకున్నాడు. అప్పటినుంచీ ఆ ఇంట్లో ఎవరైనా తియ్యగా మాట్లాడితే ముందు వాళ్ళ చేతులవంక చూడడం అలవాటైంది.

విన్‌స్లేడ్ దొర మాటలు మరీ తియ్యగా ఉన్నాయి. బాస్టన్‌లో ఈ బడికి చందాలిచ్చే దాతల సంఘం ఆయన్ని పంపింది. బడి ఎలా నడుస్తోందో బొమ్మలు తీసుకెళ్ళి అక్కడి పెద్దలకు చూపించాలట. సన్నటి మనిషి, రాగిరంగు మీసం. ఎవరు కనబడ్డా "చాలా సంతోషం, చాలా సంతోషం" అనేవాడు.

రెండోరోజు ఆమె తరగతికి వచ్చాడు. ఆ వేళ పాఠం గాలి గురించి. బల్లమీద గంట ఆకారపు గాజు జాడీ, దాని లోపల అలారం గడియారం. కింద గాలి లాగే పంపు పిడి పట్టుకుని ఎజ్రా గెయిన్స్ నిలబడ్డాడు. వడ్రంగం నేర్చే కుర్రాడు, భుజాలు తలుపంత వెడల్పు. గడియారం గణగణ మోగుతుంటే ఎజ్రా పిడి లాగడం మొదలెట్టాడు. గాలి పోయేకొద్దీ మోత సన్నగిల్లింది. చివరికి సుత్తి ఆడుతూ కనిపిస్తోందే గానీ చప్పుడు లేదు. తరగతి ఊపిరి బిగబట్టింది. గుమ్మంలో దొర కూడా నోరు తెరిచి చూశాడు.

"చప్పుడుకి కూడా మోసుకెళ్ళే మనిషి కావాలండి," అన్నాడు ఎజ్రా ఆయనవైపు తిరిగి. "ఆ మనిషి గాలి."

"అద్భుతం! చాలా సంతోషం," అన్నాడు దొర. కెమెరా మూడుకాళ్ళ స్టాండు మీద పక్కనే ఉంది. దానిమీది నల్లగుడ్డ తియ్యలేదు. టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే ప్రిన్సిపాల్ ఆఫీసునుంచి కబురొచ్చింది. పై తరగతి అంతా పారలు పట్టుకుని వెనకచేలోకి రావాలి. ఆడపిల్లలు తలగుడ్డలు కట్టుకోవాలి, మగపిల్లలు చొక్కాలకు తగిలించుకునే కాలర్లు తీసెయ్యాలి.

చేను దున్ని ఉందంతే. చిలగడదుంప తీగ నాటడానికి ఇంకా నెలపైన ఉంది. గడ్డిపరక కూడా లేని ఎర్రమన్ను. దొర వాళ్ళను వరసలో నిలబెట్టి, నడుములు వంచమని, పారలు మట్టికి ఆనించి కదలకుండా ఉండమని చెప్పాడు.

"కలుపు తీస్తున్నట్టు," అన్నాడు.

టెంపీ లైల్ నడుం వంచకుండానే మట్టివంక చూసింది. కౌలురైతు కూతురు, నాలుక చివర ఎప్పుడూ మిరపకాయ పెట్టుకుని తిరిగే పిల్ల. "ఏవే మోసెల్, ఏమీ మొలవనిచోట కలుపెలా తీస్తారే? మా నాన్నకి ఈ విద్య తెలిస్తే ఎండాకాలమంతా నిద్రపోయేవోడు."

వరసంతా కిసుక్కుమంది. దొర నల్లగుడ్డ కిందనుంచి తల బయటపెట్టి, "కదలకండి, నవ్వకండి. పనిమీద మనసు పెట్టినట్టుండండి," అన్నాడు.

గట్టు మీద నిలబడ్డ ఆర్డీలియాకు ఒళ్ళు మండింది. పారంటే ఆమెకు చిన్నచూపు లేదు. ఆమెను చదివించింది వాళ్ళమ్మ చాకిరీయే. కానీ ఈ పిల్లలు నిజంగా చేసిన పని ఆ ఇటుక గోడల్లో ఉంది, నిజంగా నేర్చిన చదువు ఆ గాజు జాడీలో ఉంది. రెండూ వదిలేసి ఈ దొర ఉత్తుత్తి పనిని బొమ్మ తీస్తున్నాడు. ఎందుకు? ఎవరికి చూపించడానికి?

తిన్నగా రెవరెండ్ దగ్గరికి వెళ్ళింది.

"ఆ మనిషి మంచివాడు కాదండీ," అంది కూర్చోకుండానే. "మన పిల్లల్ని కూలీలుగా చూపించడానికే వచ్చాడు. నా తరగతికొచ్చి కెమెరా తెరవలేదు."

రెవరెండ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "చూడమ్మా ప్రూయిట్, ఆయన పని ఆయన్ని చేసుకోనీ. నీ పని నువ్వు చూసుకో."

"నా పని చూసుకోవడానికే వచ్చానండీ."

"మరైతే తరగతికి వెళ్ళు తల్లీ." ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు గానీ ఆమె ముఖంలోకి చూడలేదు. ఆ సంగతి ఆమె గమనించింది.

దొర చాకిరేవు గదిని ఫోటోలు కడిగే చీకటిగదిగా మార్చుకున్నాడు, కిటికీలకు దుప్పట్లు వేలాడగట్టి. సాయంత్రం ఆయన బయట పళ్ళెం కడుక్కుంటుంటే ఆర్డీలియా వెళ్ళి ఎదురుగా నిలబడింది. చుట్టూ బట్టలారేసే అమ్మాయిలున్నారు కనుక ఎవరూ తప్పుపట్టరు.

"మిస్టర్ విన్‌స్లేడ్, మా గాజు జాడీ మీ కెమెరాకి ఆనలేదా?"

ఆయన మీసం ఒకసారి కదిలింది. "ఆనకేం మిస్ ప్రూయిట్. రెండుసార్లు అడిగాను. మీ ప్రిన్సిపాల్‌గారే వద్దన్నారు."

"ఎవరు వద్దన్నారు?"

"రెవరెండ్ బ్రాడ్‌నాక్స్. పుస్తకాలు, నల్లబల్ల, ఆ పంపు ఏవీ బొమ్మలో పడకూడదన్నారు. చేను చూపించిందీ, తలగుడ్డలు కట్టమన్నదీ ఆయనే. నాకూ ఆశ్చర్యమే వేసింది."

తప్పు తనది కాదని చెప్పాలంటే తెల్లవాడికి దగ్గర్లో ఉన్న నల్లవాడు ఎప్పుడూ పనికొస్తాడు. నాష్‌విల్‌లో అది ఎన్నోసార్లు చూసింది. ఆమె నమ్మలేదు. అయితే ముఖంలోకి చూడని ఆ కళ్ళజోడు గుర్తొచ్చి, పూర్తిగా నమ్మకుండానూ ఉండలేకపోయింది.

ఆదివారం ఆరాధన అయ్యాక రెవరెండ్ ఒక్కడే చర్చి వెనక సమాధుల పక్కన నడుస్తుంటే వెళ్ళి పట్టుకుంది.

"ఆ దొర మీమీద ఒక అబద్ధం చెప్పాడండీ. అబద్ధమేనని మీ నోటితో చెప్పండి చాలు."

రెవరెండ్ అంతా విని ఒక సమాధి పక్కన ఆగాడు. తర్వాత, "అబద్ధం కాదమ్మా," అన్నాడు.

ఆర్డీలియా ఆయన చేతులవంక చూసింది.

"ఇక్కడికి రాకముందు ఇంకో జిల్లాలో బడి నడిపాను. తెలుసుగా?"

"మలేరియా వచ్చి వదిలేశారని విన్నాను."

"నేనే అలా చెప్పాను. మలేరియా కాదు. ఒక ఫోటో. మా లాటిన్ తరగతి ఫోటో. పిల్లలు తెల్లచొక్కాల్లో, చేతుల్లో పుస్తకాలు, వెనక గ్లోబు. ఎంత మురిసిపోయానో! ఉత్తరాదిలో ఎవరో దాన్ని అచ్చు వేశారు. అచ్చయిన కాగితం తిరిగి తిరిగి ఆ ఊరికే వచ్చింది. 'మా పత్తి ఏరేవాళ్ళకి లాటినా?' అన్నారు. వారం తిరక్కుండా బడి బూడిదైంది." ఆయన గొంతు తగ్గించాడు. "పార పట్టుకున్న పిల్లవాణ్ణి చూసి ఎవడూ కిరసనాయిలు డబ్బా తియ్యడమ్మా. వాళ్ళకి ఆ బొమ్మ ఇచ్చి పంపేద్దాం. లోపల నువ్వు గాలి గురించి చెప్పుకో. నేను అడ్డం వచ్చానా ఎప్పుడైనా?"

లేదు, ఎప్పుడూ రాలేదు. కానీ ఇంటిదారి పట్టాక మళ్ళీ ఆ పాత ముల్లు కదిలింది. ఇన్నాళ్ళూ మలేరియా అని చెప్పిన నోరే ఇప్పుడు మంటలని చెబుతోంది. రెంటిలో ఏది నిజం?

క్వీనీ అత్త ఆ పాత బడిలోనూ వంట చేసింది. ఆర్డీలియా వంటింట్లోకి వెళ్ళి బఠాణీలు ఒలుస్తున్నట్టు కూర్చుని అడిగింది.

"కాలింది," అంది అత్త. "కళ్ళారా చూశాను. నా మంచి గిన్నెల పెట్టెకూడా అందులోనే పోయింది."

"తెల్లవాళ్ళే తగలబెట్టారా?"

అత్త ఇంకో బఠాణీకాయ చీల్చింది. "ఎవరెట్టారో నేను చూళ్ళేదమ్మా. ఆ బడిలో పొయ్యి గొట్టంకూడా మంచిది కాదు. బాగు చేయించండి పాస్టరుగారూ అని ఎన్నిసార్లు మొత్తుకున్నానో. ఆయనకి గ్లోబు కొనడమే ముఖ్యమైపోయింది."

"అంటే?"

"అంటే ఏముంది? నిప్పు ఎవరిదైనా కాలింది మనదే. ఒలిచిన బఠాణీలు ఇలా గిన్నెలో వెయ్యి, తొక్కల్లో వేస్తున్నావు."

ఇక ఎవరి మాట పట్టుకోవాలో ఆర్డీలియాకు తెలియలేదు. తెలియనప్పుడు పిల్లల తరఫున తాను తీర్మానించకూడదని మాత్రం తెలిసింది. సోమవారం తలుపు మూసి, విన్నదంతా దాచకుండా తరగతిముందు పెట్టింది. దొర అన్నది, రెవరెండ్ అన్నది, పొయ్యి గొట్టం సంగతి కూడా. "ఇప్పుడు చెప్పండి, ఈ పంపు దగ్గర మీ బొమ్మ తీయించాలా, వద్దా?" అంది.

ముందు ఎజ్రా లేచాడు. "మా అమ్మ నన్ను ఈ పంపు దగ్గర ఒక్కసారైనా చూడాలి టీచరమ్మా. పారతో నన్ను పుట్టినకాణ్ణించీ చూస్తానే ఉంది."

"మీ అమ్మ సొంత ఇంట్లో ఉంది కనక నీకు సోకులు," అంది టెంపీ. ఈసారి గొంతులో ఎగతాళి లేదు. "మేముండేది కల్నల్ గారి నేలమీద. నేను ఇక్కడ కుట్టుపని నేర్చుకుంటున్నాననే ఆయన అనుకుంటున్నాడు. ఆ బొమ్మలో నా ముఖం చూశాడా, మా నాన్న మూటాముల్లే రోడ్డుమీద ఉంటాయి."

"బాస్టన్ పోయే బొమ్మ కల్నలెలా చూస్తాడే?"

"లాటిన్ బొమ్మ ఎలా చూశారో అలాగే."

మాటా మాటా పెరిగింది. ఒకడు పిరికిదంటే ఒకతె తిక్కలోడంది. చివరికి ఎప్పుడూ నోరు తెరవని మోసెల్, "బొమ్మ మనకోసమే అయితే? ఇంకెవరికీ ఇవ్వకుండా?" అంది.

అదే ఆర్డీలియా దొరకు చెప్పింది. గాజుపలక మీద ఒక్క ఫోటో తియ్యాలి. కడిగాక ఆ పలక తమకే ఇచ్చెయ్యాలి. పలక చేతిలో ఉంటే దానినుంచి కాగితం మీద బొమ్మ దించేది తామే, ఇంకెవరూ దించలేరు. ఆయన కొంచెం ఆలోచించి, "చాలా సంతోషం," అన్నాడు. ఆ మాట వినగానే ఆమెకు మళ్ళీ అనుమానం వేసింది.

రెవరెండ్ పట్నం వెళ్ళిన రోజు చూసి తీశారు. కాలర్లు పెట్టుకున్నారు, జుట్టు నున్నగా దువ్వుకున్నారు. ఎజ్రా పంపు పిడి పట్టుకున్నాడు. టెంపీ మాత్రం సుద్దముక్క తీసుకుని నల్లబల్ల వైపు తిరిగి, వీపు కెమెరాకు చూపిస్తూ, గాలి ఒత్తిడి లెక్క రాస్తూ నిలబడింది. "నా రాత కల్నల్‌కి తెలీదులే," అంది భుజం మీదినుంచి.

దొర నల్లగుడ్డ కింద దూరాడు, మూత తీశాడు, వేశాడు. బయటికొచ్చి, "ఎవరో కదిలారు. ఇంకోసారి," అంటూ పలక ఉన్న చెక్కచట్రం మార్చాడు.

ఎవరూ కదల్లేదు. ఆర్డీలియా వాళ్ళమీదినుంచి చూపు తిప్పలేదు.

చీకటిగదిలోకి తాను వెళ్ళలేదు. తెల్లమగాడితో చీకట్లోకి వెళ్ళే నల్లపిల్లకి ఆ తర్వాత ఏ సాక్ష్యమూ పనికిరాదు. క్వీనీ అత్తనూ, తోడుగా ఇద్దరు చాకలిపని అమ్మాయిలనూ పంపింది. అత్త ఎర్రలాంతరు పక్కన ముక్కాలిపీట వేసుకుని, చేతులు కట్టుకుని, దొర మీసం పెరగడంకూడా కనిపెట్టేంత శ్రద్ధగా కూర్చుంది. బయటికొచ్చి తడి గాజుపలక ఆర్డీలియా చేతికిచ్చింది.

"ఒకటి కడిగాడు. మొదట తీసింది పాడైందంటూ పెట్టెలో పెట్టుకున్నాడు. పాడైంది పారెయ్యాలి గానీ పెట్టెలో పెట్టుకుంటారా?"

ఆర్డీలియా గుమ్మంలోనే దొరను ఆపింది. "మొదటి పలకకూడా ఇవ్వండి."

"అది కడగనే లేదు మిస్ ప్రూయిట్. గాజు గీకి మళ్ళీ వాడుకుంటాం."

"గీకే పని మేం చేస్తాం. పని చెయ్యడంలో మా పిల్లలు మంచివాళ్ళని మీరే కదా బొమ్మలు తీశారు."

ఆయన ముఖం ఎర్రబడింది. పెట్టె వెలుతురులో తెరిస్తే తన కష్టమంతా మాసిపోతుందన్నాడు. నిజమే, అది ఆమెకూ తెలుసు. దుప్పటి వెనక్కి వెళ్ళి, చీకట్లో తడిమి, ఒక పలక తెచ్చి ఇచ్చాడు. పాలమీగడ రంగు పూతతో ఖాళీగా ఉన్న గాజు. కడగని పలకలన్నీ అలాగే ఉంటాయి. ఇది అదేనో, అసలు వాడని కొత్తదో దేవుడికే తెలియాలి. ఆర్డీలియా ఆయన కళ్ళలోకి చూస్తూ, దాన్ని బట్టలుతికే బండమీద వేసి కొట్టింది. గాజు నాలుగు చెక్కలైంది.

"తృప్తేనా?" అన్నాడు దొర.

"మీకు తృప్తయితే నాకూ తృప్తే," అంది.

మర్నాడు ఆయన రైలెక్కాడు.

కడిగిన పలకను వెలుతురుకి ఎత్తి చూస్తే అందులో అన్నీ తలకిందులు: నల్లబల్ల తెల్లగా, కాలర్లు నల్లగా, పిల్లల ముఖాలు సున్నం కొట్టినట్టు. "ఓరి దేవుడో, మనల్ని దొరల్ని చేసి పోయాడే!" అని క్వీనీ అత్త పడీపడీ నవ్వింది. సెల్మా పట్నంలో ఫోటో స్టూడియో నడిపే మనవాడొకడు ఉన్నాడు. ఆర్డీలియా సెలవుల్లో పలకను రెండు లంగాల మధ్య చుట్టి తీసుకెళ్ళి, ఆయన పక్కనే నిలబడి, కావాలన్నవాళ్ళ వరకే బొమ్మలు తీయించి తెచ్చింది. ఎజ్రా తల్లి దాన్ని బైబిలులో పెట్టుకుంది. టెంపీ వద్దంది. బొమ్మ మాత్రం చాలాసేపు చేతిలో పట్టుకుని చూసి, "రెండో వరసలో భాగహారం తప్పు రాశాను టీచరమ్మా," అని తిరిగిచ్చేసింది.

ఆకులు రాలేకాలానికి బాస్టన్‌లో అచ్చయిన చిన్నపుస్తకం వచ్చింది. మొదటి పేజీలో వెనకచేను, వంగిన నడుములు, తలగుడ్డలు. కింద, "శ్రమ గౌరవం నేర్చుకుంటున్న నీగ్రో యువత" అని ఉంది. ఆర్డీలియా అట్టనుంచి అట్టదాకా తిరగేసింది. గాజు జాడీ ఎక్కడా లేదు. ఊరటతో పుస్తకం మూసింది, కాసేపటికి మళ్ళీ తెరిచి మొదటినుంచీ చూసింది. ఈ పుస్తకంలో లేదు, నిజమే. వేరే పుస్తకాలు లేవా?

దాతలు ఆ బొమ్మ చూసి కరిగిపోయారు. కొత్త పాలశాల వచ్చింది. దానికి చాకిరీ కావాలి కనుక భౌతికశాస్త్రం గంట సాయంత్రానికి జరిగింది. అప్పటికి పిల్లలకు కళ్ళు మూతలు పడుతుండేవి. రెవరెండ్ ఆ గంట కోసేశాడనాలో, అంత ఒత్తిడిలోనూ కాపాడాడనాలో ఆర్డీలియా తేల్చుకోలేకపోయింది. బడికి నిప్పు మాత్రం ఎవరూ పెట్టలేదు.

చలి మొదలైన ఒక సాయంత్రం రెవరెండ్ ఆమె గదిముందుకు వచ్చాడు. గుమ్మం దాటకుండానే, "ఎజ్రా వాళ్ళమ్మ బైబిల్లో ఒక బొమ్మ చూపించింది," అన్నాడు. "నీ దగ్గరా ఉందటగా?"

దాచి లాభం లేదు. పెట్టె అడుగునుంచి తీసి ఇచ్చింది. ఆయన దీపం దగ్గరికి వంగి చూశాడు. కోపం వస్తుందనుకుంది, రాలేదు. బొటనవేలితో ఒక్కొక్క ముఖాన్నీ దాదాపు తాకుతూ పోయాడు. కళ్ళజోడు అద్దాలు మసకబారాయి. అది దీపం వేడికో, ఇంకెందుకో.

"ఎంత బాగున్నారమ్మా," అన్నాడు చివరికి. ఆ తర్వాత వేలు ఒకచోట ఆగింది. "బోర్డు దగ్గర వెనక్కి తిరిగి ఉన్నదెవరు?"

టెంపీకి బాప్తిస్మం ఇచ్చింది ఆయనే. ఆ పిల్ల జడ ఆమడ దూరంనుంచైనా పోల్చగలడు. మరెందుకు అడుగుతున్నాడు? వారం కిందట కల్నల్ ఇంట్లో ఆయన భోజనానికి వెళ్ళాడని వంటింట్లో అనుకున్నారు. దొరల బల్ల దగ్గర కాదు, వెనక గదిలో. అయినా భోజనమే.

"గుర్తులేదండీ," అంది ఆర్డీలియా.

రెవరెండ్ ఆమె ముఖంలోకి చూశాడు. ఈసారి చూపు తిప్పలేదు. "మంచిది," అన్నాడు. "గుర్తు లేకపోవడమే మంచిది." బొమ్మ ఇచ్చేసి, చలిగా ఉంది తలుపేసుకోమని చెప్పి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఆయన అడుగుల చప్పుడు వినిపించినంతసేపూ ఆమె తలుపు దగ్గరే నిలబడింది. తర్వాత బొమ్మను మళ్ళీ పెట్టె అడుగున పెట్టబోయి ఆగింది. కుర్చీ ఎక్కి, పైకప్పు దూలానికీ చెక్కకూ మధ్య సందులో, ఎవరి చెయ్యీ అందనిచోట దోపింది.